లిలియెంటాల్ గ్లైడర్‌కు పదో వంతు నమూనా

జర్మన్ ఇంజినీరు ఒట్టో లిలియెంటాల్ 1894 నుంచి అమ్మిన గ్లైడర్ (ఇంజిన్ లేకుండా గాలిలో జారుతూ ఎగిరే సాధనం) రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 6.7 మీటర్లు, బరువు సుమారు 20 కిలోలు. మన నమూనాకు 67 సెంటీమీటర్లు. కొలత పదో వంతైతే బరువు వెయ్యో వంతు కావాలి, అంటే 20 గ్రాములు. లావు పుల్లలు, ధారాళంగా పోసిన జిగురు ఈ లెక్కనే చెడగొడతాయి.

ఆయన విల్లో కర్రలు, నూలుగుడ్డ వాడాడు. మనకు 2 మిల్లీమీటర్ల వెదురు పుల్లలు, పల్చటి టిష్యూ కాగితం చాలు. మధ్య చట్రం నుంచి రెక్కకు 6 పుల్లల చొప్పున గబ్బిలం వేళ్లలా విప్పి జిగురుతో అతికించి, దారంతో కట్టండి. మధ్యలో రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు 24 సెంటీమీటర్లు ఉండాలి.

అసలు పనితనమంతా రెక్క వంపులోనే. లిలియెంటాల్ 1889 నాటి పుస్తకంలో రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు ఉన్న దూరంలో పన్నెండో వంతు ఎత్తున్న వంపును మెచ్చుకున్నా, గ్లైడర్లలో దాన్ని తగ్గించాడు. మనకు 15 మిల్లీమీటర్ల ఎత్తు సరిపోతుంది. రెక్కకు రెండు పుల్లలను కొవ్వొత్తి సెగ మీద, మంట తగలకుండా, మెల్లగా వంచి అడ్డంగా అతికించండి. పుల్ల చిటపటమంటే మాడుతోందన్నమాట, వెంటనే తీసేయాలి. కాగితం అంటించాక నీళ్లు చిలకరిస్తే బిగుస్తుంది. ఆరేదాకా రెక్కను బల్లకు గుండుసూదులతో అదిమి ఉంచకపోతే మెలి తిరుగుతుంది, ఆ మెలికతో నమూనా ఒక పక్కకే తిరిగి పడుతుంది. రెక్కల కొసలను 3 సెంటీమీటర్లు పైకి లేపి, చట్రానికి దారాలతో బిగించండి.

లిలియెంటాల్ అడ్డతోక కింది గాలికి పైకి లేచేలా వదులుగా ఉండేది. ముక్కు పైకెత్తినప్పుడు దాన్ని దించే బలం ఆ తోకకు లేదు, రెక్కల కింద వేలాడుతూ, కాళ్లు ముందుకు విసిరి ఆయనే దించుకోవాలి. 1896 ఆగస్టు 9న గోలెన్‌బెర్గ్ గుట్ట దగ్గర ముక్కు పైకి లేచి, వేగం చచ్చి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. మర్నాడు బెర్లిన్‌లో చనిపోయాడు. నమూనాలో కాళ్లు విసిరే మనిషి ఉండడు కాబట్టి తోకను కదలకుండా అతికించేయండి, వెనక అంచు 3 మిల్లీమీటర్లు పైకి ఉండాలి.

మనిషికి బదులు రెక్క కింద 6 సెంటీమీటర్ల దూరంలో 30 గ్రాముల బంకమట్టి ముద్ద వేలాడదీయండి. ముందు అంచు నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెడితే సమంగా నిలవాలి. గాలి లేని వేళ, గడ్డి మీద, ఛాతీ ఎత్తు నుంచి ముక్కు కాస్త కిందికి పెట్టి వదలండి. విసరకూడదు, చేతిలోంచి జారనివ్వాలి. లేస్తూ పడుతూ పోతుంటే ముద్దను 2 మిల్లీమీటర్లు ముందుకు జరపండి. నేరుగా ముక్కుతో గుద్దుకుంటే వెనక్కి జరపండి.