ఫొనెటిక్ ట్రాన్స్‌క్రిప్షన్: స్పెల్లింగ్ చూసి రాయకండి
ఇంగ్లీషు పేరాకు ఫొనెటిక్ ట్రాన్స్‌క్రిప్షన్ (పలికే తీరును ధ్వని గుర్తులతో రాయడం) సాధన చేసేటప్పుడు డిక్షనరీలోంచి పదం పదం ఎత్తి రాయకండి. వాక్యంలో పడ్డాక చిన్న పదాల ఉచ్చారణ మారిపోతుంది. ఆడియో ఉన్న వార్తలో నాలుగు వాక్యాలు చాలు. వింటూ ముందు ఒత్తి పలికిన అక్షరాలకు గుర్తు పెట్టండి, అచ్చుల సంగతి తర్వాత.

'ఎ కప్ ఆఫ్ టీ'లో 'ఎ'కీ, 'ఆఫ్' మొదట్లోనూ రాయాల్సింది ష్వా, అంటే ఒత్తకుండా తేలిగ్గా పలికే అచ్చు; దాని గుర్తు తలకిందులైన చిన్న ఇంగ్లీషు 'e' (ə). 'ఆఫ్' చివర 'ఫ్' కాదు, 'వ్'. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం కాబట్టి మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 'వాక్డ్' చివర 'ట్', 'ప్లేడ్' చివర 'డ్' అన్నదీ మరవద్దు. బ్రిటిష్ పద్ధతైతే 'కార్' చివరి 'ర్' రాయకూడదు, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే తప్ప.

మర్నాడు అసలు పేరా మూసేసి, మీరు రాసింది మాత్రమే పైకి చదవండి. తడబడ్డ చోటును మళ్లీ ఆడియోతో సరిచూడండి.