పాత యూనివర్సిటీ ఫోటోలు కాపాడుకుందాం – 3వ భాగం: ఫోటో ఏ సంవత్సరానిదో తేల్చడం

పోయిన భాగంలో ఫోటోలను రెండు వైపులా స్కాన్ చేసుకున్నాం. వెనకవైపు కూడా ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తుంది.

తాతగారో పెదనాన్నగారో ఉస్మానియాలో చదివిన ఇళ్లలో ఒక గ్రూప్ ఫోటో ఉంటుంది. ముందు వరుస కుర్చీల్లో షేర్వానీలు వేసుకున్న ప్రొఫెసర్లు, వెనక నిలబడ్డ కుర్రాళ్లు, కింద ఉర్దూలో పేర్లు. 1918లో మొదలైనప్పటి నుంచి నిజాం పాలన పోయేదాకా అక్కడ బోధన ఉర్దూలోనే కాబట్టి అది మామూలే. తిప్పి చూస్తే వెనక ఉర్దూ అంకెల్లో 1353 అని ఉందనుకోండి. పాత పహాణీలు (భూమి రికార్డులు) చూసిన అలవాటు ఉన్నవాళ్లు వెంటనే 590 కలిపి 1943 అనేస్తారు. తొందరపడొద్దు.

హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కాగితాలు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సర లెక్కలో నడిచేవి, 590 కలపడం దానికే కుదురుతుంది, ఆ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ముస్లింల చాంద్రమాన లెక్క అయిన హిజ్రీ కూడా వాడుకలో ఉండేది. 1353 ఫసలీ అంటే 1943 అక్టోబరు నుంచి ఏడాది, అదే 1353 హిజ్రీ అయితే 1934 ఏప్రిల్ నుంచి ఏడాది. ఒకే అంకె, తొమ్మిదేళ్లకు పైగా తేడా! పైగా హిజ్రీ ఏడాదికి దాదాపు 354 రోజులే, అందుకే దానికి ఎప్పుడూ ఒకే సంఖ్య కలిపితే కుదరదు, పట్టిక చూడాల్సిందే.

అంకె పక్కన చిన్న ఉర్దూ అక్షరం ఉందేమో చూడండి. ఫే ఉంటే ఫసలీ, దో చష్మీ హే అయితే హిజ్రీ, ఐన్ ఉంటే ఈస్వీ, అంటే మన క్రీస్తు శకం. ఉర్దూ రాకపోతే చదివిపెట్టేవాళ్లు హైదరాబాద్‌లో ఏ బస్తీలోనైనా దొరుకుతారు, సిగ్గుపడకుండా అడగండి.

అక్షరం చెరిగిపోయిందా? అప్పుడు ఫోటోనే సాక్ష్యం. వెనకాల ఆర్ట్స్ కాలేజీ పెద్ద కమాను పూర్తయి కనిపిస్తుంటే అది హిజ్రీ అయ్యే వీలు లేదు, ఎందుకంటే ఆ భవనానికి 1934 జులైలో శంకుస్థాపన జరిగితే 1939 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదు. కాబట్టి ఫసలీనే.

తేలిన సంవత్సరంతో పాటు ఎలా తేల్చారో కూడా రాయండి, ఇది నా పట్టుదల అనుకోండి. “1943–44, వెనక 1353 ఉంది, అక్షరం లేదు, పూర్తయిన ఆర్ట్స్ కాలేజీ కనిపిస్తోంది” అని ఉంటే రేపు ఇంకొకరు సరిచూసుకోగలరు. వట్టి “1943” అని ఉంటే నమ్మాలో వద్దో ఎవరికీ తెలియదు. ఫోటో మీద బాల్ పెన్ను పెట్టొద్దు, సిరా దిగుతుంది, అచ్చు పడుతుంది. విడి కాగితం మీద పెన్సిల్‌తో రాసి జతచేయండి. లామినేషన్ మాత్రం వద్దే వద్దు, ఒకసారి చేస్తే మళ్లీ విప్పలేం.

ఈ వారం పని: స్కాన్‌ను పెద్దగా ప్రింట్ తీసి ఒక్కో తలకూ నంబరు వేసి, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకోండి. వాళ్లకు సందేహం ఉన్న పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, మీరే ఊహించి నింపొద్దు. వచ్చే భాగంలో ఆ పేర్లు పట్టుకుని తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కాగితాలు ఎలా అడగాలో చూద్దాం.