80 లీటర్ల రీఫ్ ట్యాంకులో ఏ చేప, ఏ పగడం?

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ట్యాంకులో చేప వేయొద్దు. ఉప్పునీటి సాపేక్ష సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీలు ఉండాలి. నీరు ఆవిరైతే తగ్గేది నీరే, ఉప్పు కాదు. అందుకే రోజూ ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

ఈ కొలతకు మూడు చేపలు చాలు. ముందు బిడియపు ఫైర్‌ఫిష్ ఒకటి, రెండు మూడు వారాలయ్యాక ఓసెల్లారిస్ క్లౌన్ చేపల జంట. క్లౌన్లు ముందే దిగితే ట్యాంకంతా తమదే అనుకుని కొత్తదాన్ని తరుముతాయి. బెదిరిన ఫైర్‌ఫిష్ బయటికి దూకేస్తుంది. పైన వలమూత తప్పదు. డామ్సెల్ చేప చవకే, కానీ పెద్ద రౌడీ. బ్లూ ట్యాంగ్ చేపకు ఈ చోటు సరిపోదు. బటర్‌ఫ్లై చేపల్లో చాలావరకు పగడాలను కొరుక్కు తింటాయి.

పగడాల్లో జోయాంథిడ్లు, మష్రూమ్‌లతో మొదలుపెట్టండి. జోయాంథిడ్లలో ప్రమాదకరమైన విషం ఉండొచ్చు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోయకండి, అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో వేయకండి. గ్రీన్ స్టార్ పాలిప్ పగడాన్ని విడి రాయిమీదే ఉంచాలి, లేదంటే గోడలతో సహా అల్లుకుపోతుంది. అసలు తంటా టార్చ్ పగడంతో. పగలు బుద్ధిగా ఊగుతూ కనిపిస్తుంది. దీపాలు ఆరాక సన్నటి తీగలు చాచి పక్కదాన్ని కాల్చేస్తుంది. చుట్టూ 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ పగడాలు మాత్రం సాధారణంగా ఒకదానికొకటి తగిలినా గొడవపడవు. లెదర్ పగడం నీళ్లలోకి రసాయనాలు వదులుతుంది, వాటిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ వాడాలి.

చేపకు మచ్చల జబ్బొస్తే రాగి మందు ఈ ట్యాంకులో పోయొద్దు, పగడాలు, రొయ్యలు చస్తాయి. వైద్యం వేరే తొట్టిలో చేయాలి.

భారత సముద్రాల నుంచి తీసిన రాతి పగడాలు అమ్మడం, కొనడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.