పల్లె పోలీస్ స్టేషన్‌లో తోటి సిబ్బందికి మానసిక అండ: ఎలా మొదలుపెట్టాలి?

మండల స్టేషన్‌లో పనిచేసే కానిస్టేబుల్‌కు ఒక్క వారంలోనే హైవే మీద యాక్సిడెంట్, బావిలో శవం, పురుగుమందు తాగి చనిపోయిన రైతు ఇంట్లో పంచనామా, మధ్యలో జాతర బందోబస్తు, అన్నీ వచ్చి పడవచ్చు. రాత్రంతా శవం దగ్గర కాపలా ఉన్న మనిషే పొద్దున కోర్టు డ్యూటీకి వెళ్తాడు. పిల్లల చదువు కోసం కుటుంబమేమో పట్నంలో ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఉన్నా, అక్కడ ఎవరైనా చూస్తే సాయంత్రానికల్లా స్టేషన్‌లో తెలిసిపోతుందని భయం. అందుకే చాలామంది నోరు విప్పరు.

అలాంటి మనిషి మొదట నోరు విప్పేది ఎక్కువగా అదే ఖాకీ వేసుకున్న తోటి మనిషి దగ్గరే. అలా వినగలిగేవారిని ముందే సిద్ధం చేసుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక్కటి మాత్రం తప్పకూడదు: అక్కడ చెప్పుకున్న బాధ పై అధికారి చెవిన పడకూడదు.

1. మనుషులను సిబ్బందే ఎంచుకోవాలి

"మీకు కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు?" అని ప్రతి ఒక్కరినీ చీటీ మీద రాయమనండి. ఎక్కువమంది రాసిన పేర్లే తీసుకోండి. పై అధికారి సూచించిన పేర్లు తీసుకుంటే మొదటి రోజే నమ్మకం పోతుంది. ఎస్సైని, స్టేషన్ రైటర్‌ని, డ్యూటీలు వేసేవారిని ఇందులో పెట్టకండి. వాళ్లు ఎంత మంచివారైనా సెలవు, డ్యూటీ వారి చేతిలో ఉంటాయి కదా. మహిళా కానిస్టేబుళ్ల కోసం ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. హోంగార్డులను మరిచిపోవద్దు. వారి ఉద్యోగానికి భద్రత తక్కువ, అడిగేవారూ తక్కువే.

చిన్న స్టేషన్‌లో అందరూ ఒకరికొకరు తెలుసు కాబట్టి సర్కిల్ (ఒక సీఐ కింద ఉండే స్టేషన్లు) మొత్తాన్నీ ఒక జట్టుగా చూడటం మేలు. ఈ స్టేషన్ వాళ్లు పక్క స్టేషన్ మనిషితో మాట్లాడుకునే వీలుండాలి.

2. రహస్యానికి హద్దులు ముందే చెప్పాలి

విన్నది జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) ఎక్కించకూడదు, నోట్‌బుక్‌లో రాయకూడదు, వాట్సాప్ గ్రూపు అసలే వద్దు. అయితే "ఏం చెప్పినా దాస్తాను" అని మాట ఇవ్వడం కూడా తప్పే. తన ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే దాచలేరు. వినేవారూ పోలీసే కాబట్టి, నేరం గురించి చెబితే చట్టప్రకారం నడుచుకోక తప్పదు. ఈ రెండూ మాట మొదలుకాకముందే చెప్పేయాలి. జిల్లా ఎస్పీ నుంచి ఈ నియమాలతో ఒక రాతపూర్వక ఉత్తర్వు తెచ్చుకుంటే, రేపు ఏ అధికారి మారినా పద్ధతి నిలబడుతుంది.

3. వినడం నేర్పించాలి

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే వైద్యులను శిక్షణ ఇవ్వమని ఎస్పీ కార్యాలయం ద్వారా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతిలో మూడే పనులు: చూడటం, వినడం, సాయానికి కలపడం. మందులు చెప్పడం, జబ్బు పేరు పెట్టడం వీరి పని కాదు. స్టేషన్‌లో పనిచేసి పనిచేసి మనకు ప్రశ్నలు వేసే అలవాటు ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని అడగడం మొదలుపెడితే అవతలి మనిషికి అది విచారణలా ఉంటుంది. ఆ అలవాటు మానుకోవడానికే ఎక్కువ సాధన కావాలి.

4. అడిగేదాకా ఆగకుండా పలకరించాలి

చిన్నపిల్లల మృతదేహం చూసినప్పుడు, మెమో లేదా సస్పెన్షన్ వచ్చినప్పుడు, తోటి ఉద్యోగి చనిపోయినప్పుడు, ఒకటి రెండు రోజుల్లో వెళ్లి కలవాలి. టీ కొట్టు దగ్గర వద్దు, అక్కడ నలుగురూ వింటారు. బండి మీద వెళ్తూనో, పొలం గట్టు మీదనో ఇద్దరే ఉన్నప్పుడు మాట బయటికి వస్తుంది.

"అన్నా, మొన్న ఆ యాక్సిడెంట్ దగ్గర నువ్వే ఉన్నావు కదా. నిద్ర పడుతోందా?" అంటే చాలు. "ధైర్యంగా ఉండు, మనం పోలీసోళ్లం" అనకండి. ఆ మాటతో తలుపు మూసుకుంటుంది. జరిగిందంతా మళ్లీ చెప్పమని బలవంతపెట్టవద్దు. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి వివరాలు చెప్పించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. తిన్నాడా, పడుకున్నాడా, ఇంటికి ఫోన్ చేశాడా అన్నది చూడండి. తాగుడు పెరిగితే, చిన్న మాటకే కోపం వస్తుంటే, ఎప్పుడూ నవ్వే మనిషి మౌనంగా ఉంటే మళ్లీ మళ్లీ కలవండి.

5. చావు ఆలోచన గురించి సూటిగా అడగాలి

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగే మనిషి దొరికాడని చాలామందికి ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ గంటలోనే స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు చెప్పి ఆయుధం తీసుకుని, ఆయుధం లేని డ్యూటీకి మార్పించాలి. ప్రాణానికి ముప్పుందని చెబితే చాలు, ఇంటి గొడవలూ అప్పులూ చెప్పక్కర్లేదు. ఇంట్లో వ్యవసాయం ఉంటే పురుగుమందు డబ్బాలు వేరేచోటికి పంపించండి. ఆ మనిషికి ముందే చెప్పి, ఇంట్లోవారిలో ఒకరికి విషయం తెలపండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ఉచిత సేవ 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం దగ్గరలో ఉంటే ఫోన్‌తో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

6. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లాలి

"వెళ్లి చూపించుకో" అంటే వెళ్లరు. కావాలంటే పక్క జిల్లా ఆసుపత్రికి, సివిల్ డ్రెస్‌లో, మీరే వెంట వెళ్లండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యులది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అదే చట్టంలోని 115వ సెక్షన్ చెబుతుంది. స్టేషన్‌లో ఇది తెలియనివారు ఇంకా ఉన్నారు, చదివి వినిపించండి.

7. వినేవారికీ ఒకరు కావాలి

ఒకేసారి ఇద్దరు ముగ్గురి భారం కంటే ఎక్కువ మోయనివ్వకండి. నెలకోసారి వీరంతా కౌన్సెలర్‌తో కూర్చుని, పేర్లు చెప్పకుండా, తమను బాధపెట్టినవి మాట్లాడుకోవాలి. కొన్నాళ్లు తప్పుకుంటానంటే కారణం అడగకుండా ఒప్పుకోవాలి.

ఎస్పీ, డీఎస్పీలకు ఒక మాట. నిద్రలేని మనిషికి ఎంత మంచి మాటలు చెప్పినా నిద్ర రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పోలీసులకు వారానికోరోజు సెలవు ప్రకటించారు. సిబ్బంది తక్కువున్న మండల స్టేషన్‌లో ఆ సెలవు నిజంగా దొరుకుతోందో లేదో డ్యూటీ రోస్టర్ తెప్పించి చూడండి. ఈ జట్టు పెట్టిన నెలలోనే ఆ పని కూడా మొదలుపెట్టండి.