ఆఫీసు గోడ మీద పాలపిట్ట: పెద్ద కుడ్యచిత్రం వేయడం ఎలా?

హైదరాబాద్‌లో కంపెనీ భవనానికి పక్షుల బొమ్మ అనగానే ముందు తట్టేది పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు అందరూ వెతుక్కుని మరీ చూసే పిట్ట. అందుకే తప్పు వేస్తే దారినపోయేవాళ్లు కూడా పట్టేస్తారు. 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న బయటి గోడ, అంటే 600 చదరపు అడుగులకు ఇక్కడ లెక్కలు ఇస్తున్నాం.

1. ఒప్పందం

పరంజా ఎవరు పెట్టాలి, నీళ్లు, కరెంటు ఎవరివి, డిజైన్‌లో ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు (రెండుసార్లు చాలు) అన్నవి బొమ్మ వేయించుకునే కంపెనీతో రాసుకోండి. కాపీరైట్ సంగతి మరిచిపోవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు తొలి హక్కుదారు వేయించుకున్నవారే. హక్కు చిత్రకారులైన మీ దగ్గరే ఉండాలంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోను చూసి మక్కీకి మక్కీ దించొద్దు. దాని హక్కు సాధారణంగా ఫొటో తీసినవారిది.

2. గోడ

బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా కుంచె వల్ల కాదు, గోడలోని చెమ్మ వల్ల. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. తర్వాత రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే పని మొదలుపెట్టొద్దు; నీరు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. పైన డాబా అంచు పగిలి ఉండొచ్చు, గోడ వెనక పైపు కారుతుండొచ్చు. తెల్లటి ఉప్పు పొంగి ఉంటే పొడి బ్రష్‌తో గీకి, చెమ్మ ఆగాకే ముందుకెళ్లాలి.

బయటి గోడకు తెల్ల సిమెంటు లప్పమే వాడాలి. లోపలి గోడల కోసం చేసిన అక్రిలిక్ లప్పం పెడితే వానకు ఉబ్బి పెచ్చులూడుతుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (రంగు కంటే ముందు బయటి గోడకు వేసే అడుగు పూత) ఒక కోటు వేయాలి. సుమారు 6 లీటర్లు పడుతుంది. నేపథ్యానికి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లకు 10 నుంచి 12 లీటర్లు. నీళ్లు డబ్బా మీద చెప్పినంతే కలపండి. ఎక్కువైతే రంగు పొడిపొడిగా రాలుతుంది.

3. బొమ్మ ఎక్కించడం

స్కెచ్ 30 అంగుళాలకు 20 అంగుళాలు ఉంటే, అంగుళానికి ఒక అడుగు. గోడ మీద చాక్ దారంతో (సుద్దపొడి పూసి, బిగించి లాగి వదిలితే గీత పడే దారం) అడుగు గళ్లు కొట్టుకోండి. దారానికి ఎర్ర పొడి మాత్రం వద్దు: ఆ మరక పోదు, రంగులోంచి పైకి తేలుతుంది. నీలం పొడి తడిగుడ్డకు పోతుంది.

పరంజా మీద నిలబడితే రెండడుగుల దూరంలో ఉన్నదే కనిపిస్తుంది. అందుకని గంటకోసారి దిగి, 40 అడుగులు వెనక్కి వెళ్లి చూడాలి. తల పెద్దదైందా, రెక్క వంగిందా అన్నది అక్కడే తెలుస్తుంది. పైన పనిచేసేటప్పుడు హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) తప్పనిసరి.

4. పిట్ట

వాలి ఉన్న పాలపిట్ట దాదాపు గోధుమరంగు పిట్టే. నడినెత్తి నీలం, గొంతు, రొమ్ము మీద గులాబీ ఛాయ కలిసిన గోధుమ, వాటి మీద సన్నటి లేత చారలు. నీలంలో ఎక్కువ భాగం రెక్క విప్పినప్పుడే బయటపడుతుంది: ముదురు నీలం, లేత నీలం పట్టీలు రెక్కలోనూ, తోకలోనూ. ఒళ్లంతా నీలం పూసేస్తే అది పాలపిట్ట కాదు. ఒకటి వాలినట్టు, ఒకటి ఎగురుతున్నట్టు పక్కపక్కన వేస్తే రెండు రూపాలూ దక్కుతాయి. మెడ పొట్టి, తల పెద్ద. చిలకకిలా వంకీ ముక్కు పెట్టొద్దు. దీని ముక్కు తిన్నగా ఉండి కొసన కాస్త వంగుతుంది.

ముందు పిట్ట ఆకారమంతా తెల్లరంగుతో నింపండి. లేత నీలం, పసుపు వంటి రంగులకు కింది రంగును కప్పే బలం తక్కువ. తెలుపు లేకపోతే ఆకాశం రంగు కలిసి మాసినట్టు కనిపిస్తాయి. ఈకలు ఒక్కొక్కటిగా మొదలుపెట్టకుండా, గుంపులుగా ముదురు, లేత రంగులు పెట్టి, చివర్లో ఒక అంగుళం చదును కుంచెతో అంచులు తీయండి. ఎమల్షన్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది కాబట్టి, చెక్క ముక్క మీద పూసి ఆరనిచ్చి చూసి నిర్ణయించండి. పడమటి ఎండ పడే గోడకు ఫ్లోరసెంట్ రంగులు వాడొద్దు, త్వరగా వెలిసిపోతాయి.

కన్ను ఆఖర్న. గోధుమరంగు కనుపాప, నడుమ నలుపు. ఆ నలుపు డబ్బాలోంచి నేరుగా తీసింది వద్దు. ముదురు గోధుమ, నీలం కలిపి చేస్తే లోతు వస్తుంది. దాని మీద ఒకే ఒక్క తెల్లచుక్క, వెలుతురు వచ్చే వైపు. గోడ మీదున్న పిట్టలన్నిటికీ అదే వైపు.

5. వేళ, పైపూత

ఎండకు కాలిన గోడ మీద కుంచె జారదు, రంగు గీతలు గీతలుగా ఆరిపోతుంది. చలికాలం మంచిది, కానీ ఉదయం మంచు తడి ఆరాకే పని ప్రారంభించండి.

రంగు పూర్తిగా ఆరడానికి వారం ఆగి, ఎండను తట్టుకునే క్లియర్ కోటు (రంగులేని పైపూత) మ్యాట్‌లో, అంటే మెరవని రకంలో, రెండు పలచటి పొరలు వేయండి. తొందరపడితే పాలలా తెల్లబారుతుంది. నిగనిగలాడే కోటు వేస్తే మధ్యాహ్నం ఎండకు మెరుపే తప్ప బొమ్మ కనిపించదు.

ప్రతి రంగూ 200 మిల్లీలీటర్లు గట్టి మూత డబ్బాలో దాచి, మూత మీద ఆ రంగు చుక్క, షేడ్ నంబరు, తేదీ పెట్టండి. ఏడాదికోసారి మెత్తటి బ్రష్, మామూలు నీళ్లతో కడిగితే చాలు. ప్రెషర్ పంపు పెట్టొద్దని భవనం సిబ్బందికి రాసి ఇవ్వండి.