నీరుకారిన కీమా సలాడ్‌ను చక్కదిద్దిన తీరు

లావోస్‌లోనూ, థాయిలాండ్ ఈశాన్య ప్రాంతమైన ఈసాన్‌లోనూ ‘లాబ్’ అనే వంటకం ఉంది. సన్నగా కొట్టిన మాంసం, నిమ్మరసం, పుదీనా, చిన్న ఉల్లిపాయలు, వేయించిన బియ్యపు పొడి కలిపి చేసే సలాడ్ అది. నూనె దాదాపు అక్కరలేదు, అరగంట కూడా పట్టదు. అందుకే రాత్రి భోజనానికి పావుకిలో కోడి కీమాతో మొదలుపెట్టాను.

మొదటి రెండుసార్లూ పళ్లెం అడుగున నీళ్లు చేరాయి, పుదీనా నల్లబడింది. తడి కీమాను చిన్న గిన్నెలో కుక్కి వండాను; అది వేగలేదు, ఉడికింది. నిమ్మరసం, ఆకులు పొయ్యి మీద ఉండగానే వేయడం రెండో పొరపాటు.

ఈసారి వెడల్పాటి మూకుడు బాగా కాగాక కీమాను పలుచగా పరిచి, ఉండలు విడగొడుతూ గులాబీ రంగు పూర్తిగా పోయేదాకా వేయించాను. దించి కాసేపు ఆరనిచ్చాకే ఒక నిమ్మకాయ రసం, చెంచాడు ఫిష్ సాస్, ఎండుమిరప పొడి, ఉల్లి తరుగు, చివర గుప్పెడు పుదీనా కలిపాను. ఉప్పు వేరే వేయలేదు. సాస్‌లో ఉన్నది చాలు.

అసలు మేలు చేసింది బియ్యపు పొడి. అక్కడ జిగురు బియ్యం వాడతారు. నేను ఇంట్లో ఉన్న సోనా మసూరి రెండు చెంచాలు తీసుకుని, నూనె లేకుండా ముదురు బంగారు రంగు వచ్చేదాకా సన్నసెగ మీద ఓపికగా వేయించి, రవ్వలా దంచాను. మిగిలిన తడినంతా అదే పీల్చుకుంది. ఆ కమ్మటి వాసన ఇల్లంతా నిండింది! మెత్తటి పిండి చేస్తే మాత్రం ముద్ద కడుతుంది, బరకగానే ఉండాలి.

అన్నం బదులు క్యాబేజీ రేకుల్లో చుట్టుకుని, కీరా ముక్కలతో తిన్నాం.