చవక ఏఎన్‌సీ బడ్స్ కొనాలా వద్దా? ముందు ఇవి చూసుకోండి

ముందు మిమ్మల్ని విసిగిస్తున్న గోల ఏంటో తేల్చుకోండి, బ్రాండ్ సంగతి తర్వాత. బస్సు ఇంజన్, ఏసీ, ఫుల్ స్పీడులో ఫ్యాను, విమానం, ఇలా ఆగకుండా ఒకే తీరున వచ్చే హోరు ఉంటుంది చూడండి, ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, అంటే బయటి గోల మీ చెవికి తక్కువ వినపడేలా చేసే ఏర్పాటు) పనిచేసేది ప్రధానంగా దాని మీదే. బయటి మైకు ఆ హోరుని పట్టుకుంటుంది, చిప్పు దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని స్పీకర్లోంచి వదుల్తుంది, రెండూ కలిసి చాలావరకు కొట్టుకుపోతాయి. అదే కుక్కర్ విజిల్, హారన్లు, ఆఫీసులో పక్క సీటాయన ఫోన్ ముచ్చట్లు అయితే ఉన్నట్టుండి వస్తాయి, మారిపోతూ ఉంటాయి, పాతిక వేల హెడ్‌ఫోన్సే వాటిని పూర్తిగా ఆపలేవు, ఇక మూడు వేల బడ్స్‌ని ఏమనుకుని ఏం లాభం.

అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకి ఏసీ బస్సులో తిరిగేవాళ్ళు, మెట్రోలో రోజూ వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, తేడా బాగానే తెలుస్తుంది. హాస్టల్ రూంలో రూమ్మేట్ గోల తట్టుకోలేక కొంటానంటే మాత్రం నేనైతే వద్దనే అంటా.

ఇక అసలు మోసపోయేది ఇక్కడ. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఈఎన్‌సీ అని ఉంటుంది, చాలామంది అదే నాయిస్ క్యాన్సిలేషన్ అనుకుని కొనేస్తారు. అది మీ చెవులకి కాదండీ, మీ మైకుకి, అంటే కాల్‌లో అవతలివాళ్ళకి మీ చుట్టూ ఉన్న రొద తక్కువ వినపడటానికి. వెయ్యి లోపు వాటిలో ఎక్కువగా ఉండేది ఇదే. మీకు కావాల్సింది ఏఎన్‌సీ, ఆ మూడక్షరాలు స్పెసిఫికేషన్లలో ఉన్నాయో లేదో చూసుకోండి, బయటా లోపలా కూడా మైకులుండే హైబ్రిడ్ రకమైతే ఇంకా మేలు. వన్‌ప్లస్ నార్డ్ బడ్స్, సీఎంఎఫ్, రియల్‌మీ బడ్స్ ఎయిర్ లాంటివాటిలో రెండు నుంచి నాలుగు వేల మధ్య ఏఎన్‌సీ ఉన్న మోడళ్ళు దొరుకుతాయి.

గోల ఇంత తగ్గుతుందని 45 డెసిబెల్స్, 50 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) అని రాస్తారే, దాన్ని బట్టి ఎంచుకోకండి, 'వరకు' అనే మాట పక్కనే చిన్నగా ఉంటుంది, ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠం అది. హోరు 10 డెసిబెల్స్ తగ్గినా చెవికి దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది, అది చాలు.

వచ్చాక పాటలేం పెట్టకుండా ఫ్యాను కింద కూర్చుని ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చేసి చూడండి. తేడా లేదంటే బడ్స్‌ని తిట్టే ముందు డబ్బాలో ఇచ్చిన వేరే సైజు టిప్స్ (చెవిలోకి వెళ్ళే మెత్తటి తొడుగులు) మార్చండి, చెవికి సందు లేకుండా పట్టకపోతే ఎంత ఖరీదైనదైనా వృథానే (రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని కూడా లేదు). హెడ్‌ఫోన్స్ అయితే కళ్ళజోడు కాడల దగ్గర సందు పడుతుంది, పైగా మన ఎండాకాలంలో చెవులు ఉడికిపోతాయి, అందుకే నా ఓటు బడ్స్‌కే.

ఏఎన్‌సీ ఆన్‌లో ఉంటే ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది, కొందరికి చెవులు దిబ్బడేసినట్టుంటుంది, గాలికి బరబరమంటుంది. బండి నడిపేటప్పుడు అస్సలు పెట్టుకోవద్దు. ఆర్డర్ పెట్టే ముందు ఆ పేజీలో రిటర్న్ అని ఉందా, రీప్లేస్‌మెంట్ మాత్రమే అని ఉందా చూడండి, రెండోదైతే నచ్చలేదని డబ్బులు వెనక్కిమ్మంటే ఇవ్వరు.